నిలబడి రాసిన ఉత్తరాలు

గొల్లవాగుపాడు,
10-2-1986, సోమవారం.

చెల్లెలు రెబ్కాకు అక్క ఎలీసమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం అలవాటు గనక రాస్తున్నాను. నీ ఉత్తరం అందింది. తాడేపల్లిలో ఇల్లు మారావనీ, లోపలే కుళాయి, లెట్రిన్ ఉన్నాయనీ రాశావు. అదృష్టవంతురాలివే. ఆ ముక్క రెండుసార్లు చదువుకున్నాను.

మాకు మిరపకోతలు మొదలయ్యాయి. కల్లాలన్నీ ఎర్రగా ఉన్నాయి. వాక్యం చెబుదామని పేటలోకి వెళితే ఒక్క ఆడమనిషి ఇంట్లో ఉండదు. అందరూ పొద్దున్నించీ కల్లంలో కూర్చుని తొడిమలు తీయడమే. నేనూ వెళ్లి వాళ్ల పక్కన నిలబడి రెండు మాటలు చెప్పి వస్తున్నాను. "కూర్చోండి బైబిలమ్మగారూ" అంటుంది అంకమ్మ. "నాకు తీరికేదే?" అంటాను. పాస్టరుగారికి ఒంట్లో బాగోక ఆరాధన సగం నామీదే పడింది.

అసలు సంగతి. నీ ఆస్పత్రి నుంచి నాలుగు చుట్టలు దూది, గాజుగుడ్డ పంపు. నల్లవి లోపావడాలు మూడు కుట్టించి పంపు. తెల్లవి పనికిరావు. ఎందుకని అడక్కు. జవాబు కార్డు మీద రాయకు, కవరులో పెట్టు. కార్డయితే పోస్టుమాన్ చదివాడంటే ఊరంతా చదివినట్టే.

ఎల్లుండి శ్రమకాలం ఉపవాసాలు మొదలు. ఈసారి నలభై రోజులూ పొద్దుగూకేదాకా మంచినీళ్లు కూడా ముట్టనని మొక్కుకున్నాను. దేవుడితో నాకొక మాట తేలాల్సి ఉంది.

అక్షరాలు ఒరిగాయని నవ్వకు. కిటికీ గట్టుమీద కాయితం పెట్టి నిలబడి రాస్తున్నాను.

నీ అక్క,
ఎలీసమ్మ.


తాడేపల్లి,
17-2-1986.

అక్కా,

దూది, గాజుగుడ్డ, లోపావడాలు మూటకట్టి పీరు చేత పంపుతున్నాను. మీ ఊరి కల్లాలకి మిరపలారీ తోలుకొచ్చే పీరేలే, నమ్మకస్తుడు. మూట విప్పి చూడడు.

ఎందుకని అడగొద్దన్నావు. అడక్కుండా ఉంటానా? నేను పదిహేనేళ్లుగా చేస్తున్నది నర్సు పని, పూసలమ్మడం కాదు. దూది, నల్ల పావడాలు అంటే నాకర్థం కాదా? ముట్లు ఆగి రెండేళ్లయిందని పోయిన క్రిస్మస్‌కి నువ్వే చెప్పావు. ఆగిపోయాక మళ్లీ రక్తం కనపడితే అది ఆటలాడే సంగతి కాదక్కా. మా వార్డులో ఇలాగే దాచిపెట్టుకుని, చివరికి మంచం మీద మోసుకొస్తే చేరినవాళ్లు ఇప్పుడు ముగ్గురున్నారు. గర్భసంచి తీసేయాలంటే తీసేద్దాం. నలభైఆరేళ్లదానివి, దాంతో నీకిక పనేముంది?

వెంటనే బయలుదేరి రా. మా డాక్టరమ్మగారు మంచిది, కసరదు. ఉపవాసం ఈ ఏడాదికి మానెయ్. నా పదో ఏట అమ్మ పోతే నువ్వే నాకు తలదువ్వి బడికి పంపావు. నాకు నువ్వు తప్ప ఎవరున్నారే?

రెబ్కా.


గొల్లవాగుపాడు,
25-2-1986.

రెబ్కా,

మూట అందింది. బతికించావు.

నీకు ప్రపంచంలో ఆడదాని జబ్బంటే ఒక్క గర్భసంచేనా? అది కాదు. ముమ్మాటికీ కాదు. ఇక ఆ మాట ఎత్తకు. ఏదన్నది నాకు తెలుసు, దేవుడికి తెలుసు. నోటితో చెప్పేది కాదు, రాసేది అంతకంటే కాదు.

పత్తి అయిపోయింది. కట్టె పీకేసి పొలాలన్నీ చదును చేశారు. నీకు గుర్తుందా, పత్తి నిలువెత్తున ఉన్నన్నాళ్లూ మన ఆడవాళ్లకి కాస్త చాటు ఉండేది. ఇప్పుడు ఎటు చూసినా బయలే. పొద్దు పొడవకముందన్నా పోవాలి, పొద్దుగూకాకన్నా పోవాలి. అందుకని నేను తినడమే తగ్గించాను. తినకపోతే పోయే అవసరమే ఉండదు కదా. ఉపవాసం ఒకందుకు మేలే చేసింది.

మొన్న గురువారం చెరువుకొమ్ముపాలెంలో ప్రార్థన కూటం పెట్టి వస్తూ దారిలో కళ్లు తిరిగి పడ్డాను. గుడి గంట కొట్టే ఇమ్మానియేలు మిరపబస్తాల బండితో వస్తూ చూసి ఎక్కించుకున్నాడు. కూర్చోలేక బస్తాలమీద బోర్లా పడుకున్నాను. ఊళ్లోకి అలాగే వచ్చాం. నలుగురూ చూశారు. చూస్తే చూశారు.

ఇది రాయకూడదనుకున్నాను. ఆదివారం ఆరాధనలో వాక్యం చదవడానికి లేచాను. తెల్లచీర. వెనక ఆడవాళ్లలో గుసగుస. అంకమ్మ గబగబా వచ్చి తన తువ్వాలు నా నడుముకి చుట్టి, "పదండమ్మగారూ, ఇంటికి పోదాం" అంది. చాప మీద కూడా పడింది రెబ్కా. పద్నాలుగేళ్లనించీ ఆ తెల్లచీర కట్టుకుని ఇంటింటికీ తిరిగాను, ఒక్క మచ్చ పడనివ్వలేదు. ఆ రోజే నా ప్రాణం పోయినా బాగుండేది.

నువ్వు రావద్దు. వస్తే ఇంకా మాట పుడుతుంది.

అక్క.


తాడేపల్లి,
5-3-1986.

అక్కా,

నిన్న మీ సంఘం సెక్రటరీ జయరావు మాస్టారి దగ్గర్నించి నాకు ఉత్తరం వచ్చింది. "మీ అక్కగారి నడవడిని గూర్చి సంఘములో మాట పుట్టినది. మీరు నర్సు గనుక సంగతి మీకు ముందే తెలిసియుండవలెను" అని రాశారు. పీరు మూట ఇస్తుంటే ఎవరో చూశారట. దూదీ గుడ్డలూ చెల్లెలే పంపిందని, బోర్లా బండిలో తెచ్చినవాడు ఇమ్మానియేలని, మొగుడు లేని మనిషి చీరకి రక్తమేమిటని, అన్నీ కలిపి ఒక కథ అల్లారు. నువ్వు కడుపు తీయించుకున్నావట. నేను సాయం చేశానట.

ఆయనకేం రాయాలో తోచక నిన్నంతా డ్యూటీలో ఒకరి మందు ఒకరికివ్వబోయి తిట్లు తిన్నాను.

సూటిగా అడుగుతున్నాను, కోప్పడకు. గర్భసంచి కాదంటావు, ఏదో చెప్పవు. నోటితో చెప్పేది కాదంటావు. దేవుడితో తేలాల్సిన మాట ఉందంటావు. నేనేమనుకోవాలి? ముట్లు ఆగాయన్న మాట నిజమేనా? ఇమ్మానియేలేనా? నువ్వు తప్పు చేసినా నా అక్కవే. నిన్నొక్క మాట అనను. కానీ ఏ పసరో తాగి ఉంటే మాత్రం విషం ఒళ్లంతా పాకుతుంది, ప్రాణం మీదికొస్తుంది. ఏం మింగావో అదన్నా చెప్పు. నీ కాళ్లు పట్టుకుంటాను.

రెబ్కా.


గొల్లవాగుపాడు,
10-3-1986.

రెబ్కాకు,

నువ్వు కూడానా?

ఎవరూ లేరు. ఏమీ మింగలేదు. ఊరంతా అన్నా ఓర్చుకున్నాను. నా చేతులమీద పెరిగిన పిల్ల "ఇమ్మానియేలేనా" అని రాసింది చూడు, అది ఓర్చుకోలేను.

ఇమ్మానియేలుని గంట కొట్టొద్దన్నారు. పాపం, అతను నా ముందుకొచ్చి, "నేనేం చేశానమ్మగారూ?" అని ఏడ్చాడు. ఇరవైమూడో తారీకు, మట్టల ఆదివారం, ఆరాధన అయ్యాక సంఘం కూర్చుంటుందట. నేను జవాబు చెప్పాలట. చెప్పను. పని తీసేస్తే తీసేస్తారు. ఈ గది సంఘానిది, పొమ్మంటే పోతాను. ఎక్కడికని అడక్కు.

నిలబడే ఓపిక కూడా పోయింది. గోడకి ఆనుకుని రాస్తున్నాను. ఇంతే.

ఎలీసమ్మ.


తాడేపల్లి,
14-3-1986.

అక్కా, అక్కా,

నన్ను చెప్పుతో కొట్టు. నర్సునని విర్రవీగాను గానీ బుద్ధి లేదు నాకు. నీ ఉత్తరాలన్నీ మంచంమీద పరుచుకుని మళ్లీ చదివాను. కూర్చుని రాయవు. కల్లంలో కూర్చోవు. బండిలో బోర్లా పడుకుంటావు. పొద్దుగూకేదాకా ఆపుకుంటావు, నీళ్లు తాగవు, తిండి తినవు. ఇంకేం కావాలి? మొదటి ఏడాది ట్రైనింగు పిల్ల కూడా చెప్పేస్తుంది.

నీకు మొలలక్కా. మూలవ్యాధి. అంతే కదా? ఔనని ఒక్క ముక్క రాయి చాలు.

దీనికా ఇంత దాపరికం? బండి లాగేవాళ్లకి పిక్కలమీద నరాలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి చూడు, అదే ఉబ్బు లోపల వస్తే మొలలు. పాపం లేదు, తప్పు లేదు. ఆపుకోవడంవల్ల, నీళ్లు చాలక గట్టిపడితే ముక్కడంవల్ల వస్తాయి. మా మగ వార్డులో లారీ డ్రైవర్లున్నారు, ఒక ప్లీడరుగారున్నారు, ఒక పాస్టరుగారు కూడా ఉన్నారు. ఆయన అస్తమానం తలకింది దిండు తీసి ఒంటికింద పెట్టుకుంటారు.

ఇవాళే ఉపవాసం మానెయ్. నిన్ను దాహంతో చావమని దేవుడెప్పుడూ అడగలేదు. నీళ్లు చెంబులకొద్దీ తాగు. తోటకూర, అరటిపండు, జొన్నన్నం, మజ్జిగ తిను. పచ్చడికారం కొన్నాళ్లు పక్కన పెట్టు. కారం మొలలు తేదు గానీ పుండుమీద మంట తెస్తుంది. ఇసబ్‌గోల్ పొట్టు పంపుతున్నాను, పడుకోబోయే ముందు ఒక గరిటె గ్లాసు నిండా నీళ్లలో కలిపి వెంటనే తాగు. వెడల్పాటి బేసినులో గోరువెచ్చటి నీళ్లు పోసి, బయటికెళ్లి వచ్చాక పావుగంట అందులో కూర్చో. రోజుకి మూడుసార్లు. వచ్చినప్పుడు ఆపుకోకు, రానప్పుడు ముక్కకు. బస్టాండు పక్కన మొలలు మాయం చేస్తామని బోర్డులు పెట్టుకున్నవాళ్ల గడప తొక్కకు. వాళ్లు పెట్టే మందు మాంసాన్ని కాల్చేస్తుంది, అలా కాలి వచ్చినవాళ్లకి నేను కట్లు కట్టాను.

అయినా డాక్టరు చేత్తో చూసి తేల్చాల్సిందే. కింద రక్తం పడ్డ ప్రతిదీ మొలలు కాదు. పైగా నీకు కళ్లు తిరుగుతున్నాయంటే ఒంట్లో రక్తం అడుగంటిపోయింది. అద్దంలో కనురెప్ప కింద లాగి చూసుకో, తెల్లగా ఉంటే ఒక్క రోజు ఆగొద్దు.

ఇక్కడ వాంతులూ విరేచనాల కేసులు నిండిపోయి నెలాఖరుదాకా సెలవు లేదన్నారు. అందుకని ఒక పని చేశాను. జయరావు మాస్టారికి నేనే ఉత్తరం రాసేశాను. జబ్బు పేరు, ఎందుకొస్తుందో, అంతా విడమరిచి రాశాను. చదువుకున్న మనిషి, అర్థం చేసుకుంటాడు. నువ్వు నోరు తెరవక్కర్లేదు. నీ బరువు దిగిపోయినట్టే.

నీ బుద్ధిలేని చెల్లెలు,
రెబ్కా.


గొల్లవాగుపాడు,
24-3-1986, సోమవారం.

రెబ్కా,

నా బరువు దించానన్నావు. ఎలా దించావో చెబుతాను, విను.

నిన్న మట్టల ఆదివారం. పిల్లలు ఈతమట్టలు పట్టుకుని పాడుతూ తిరిగారు. ఆరాధన అయ్యాక జయరావు మాస్టారు లేచి, "మన ఎలీసమ్మగారి విషయమై వారి చెల్లెలుగారు జవాబు పంపారు" అని నీ ఉత్తరం విప్పి మొత్తం చదివాడు. గొంతెత్తి, బడిలో పాఠం చదివినట్టు. ఉబ్బిన నరాలు, ముక్కడం, బేసినులో కూర్చోవడం, ఏదీ వదల్లేదు. మగాళ్లు, ముసలాళ్లు, నా దగ్గర అక్షరాలు నేర్చుకున్న పిల్లలు. వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. తర్వాత అందరూ నవ్వారు. పాస్టరుగారు తలొంచుకుని మట్టను ముక్కలు ముక్కలుగా తుంచుతూ కూర్చున్నారు.

నా పరువొక్కటే పోయినా బాగుండేదే. పోయింది అంతకంటే పెద్దది. నీకిన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగావే, అదీ విను. అవిధేయులకి వచ్చే శాపాల వరసలో ఈ జబ్బు పేరుంది. మన వాక్యంలోనే, స్పష్టంగా అచ్చువేసి ఉంది. ఏడాది కిందట నాకు మొదటిసారి రక్తం పడ్డ రోజున ఆ మాటే గుర్తొచ్చింది. ఏం తప్పు చేశానా అని వెతుక్కుంటూనే ఉన్నాను. దొరకలేదు. నీళ్లు మానేసి నలభై రోజులు బతిమాలితే తీసేస్తాడేమోనని మొక్కుకున్నాను. ఎక్కువైంది. ఎక్కువైతే ఇంకా గట్టిగా పట్టాను. నోరు విప్పి చెబితే, శాపం తగిలిన మనిషి నోట దీవెన ఎవరు వింటారన్న భయం.

జయరావు మాస్టారు సరిగ్గా ఆ పేజీయే తీశాడు. "వాక్యమేమంటున్నదో వినుడి" అని చదివి పుస్తకం మూశాడు. నవ్వులు ఆగిపోయాయి. "జబ్బన్నది నిజమైనా, నింద నిజమైనా, సేవకి తగదు. నెలాఖరుకి గది ఖాళీ చేయాలి" అన్నాడు. ఇమ్మానియేలు మాత్రం వెనకనించి, "మరి నా సంగతేంటండీ? మొలలని తేలిందిగా!" అని అరిచాడు. నేను గుమ్మం దాటి వచ్చేశాను.

రాత్రంతా నిన్ను తిట్టుకున్నాను. వాగు గట్టున పాడుబావి ఒకటుంది, దాని గురించి కూడా ఆలోచించాను. దాచనెందుకు?

ఇవాళ మధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడైతే అంకమ్మేమోనని తీశాను. జయరావు మాస్టారి భార్య, దీవెనమ్మ. కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికొచ్చి తలుపు వేసేసింది. "కూర్చోమ్మా" అన్నాను, ఎంత కోపమున్నా మర్యాద కదా. కూర్చోలేదు. గోడకి చెయ్యి ఆనించి నిలబడింది. ఆ నిలబడటం చూసేసరికి నాకర్థమైపోయింది రెబ్కా.

"చిన్నది పుట్టినప్పటినించీ అమ్మగారూ. ఎనిమిదేళ్లు" అంది. "ఆ ఆదివారం మీ చీర చూడగానే నాకు తెలిసింది, అది ఏ రక్తమో."

"తెలిసీ మరి మీ ఆయనకి చెప్పలేదేం తల్లీ? ఒక్క మాట చెబితే నాకీ గతి పట్టేదా?" అన్నాను.

"నీకెలా తెలుసే అంటారు గదండీ!" అంది.

ఆ క్షణంలో దాని చెంప పగలగొడదామన్నంత మంట పుట్టింది. ఇమ్మానియేలు ఏడుపు గుర్తొచ్చింది. చెయ్యెత్తాను కూడా. అది తప్పుకోలేదు. కొట్టమన్నట్టు అలాగే నిలబడి, "ఆ బేసినులో నీళ్లు ఎంత వేడుండాలండీ? అందరి నవ్వుల్లో ఆ ముక్క నాకు సరిగా వినపడలేదు" అంది.

నా చెయ్యి దిగిపోయింది. ఏడుపొచ్చింది. అదీ ఏడ్చింది. కుండలో నీళ్లు ముంచి దానికిచ్చి నేనూ తాగాను. నలభై రోజులు పూర్తికాలేదు, పట్టపగలు తాగాను. ఏ శాపమూ మీద పడలేదు.

నలుగురు పిల్లల్ని కని, మొగుడి నోటికి భయపడి, ఒక్క పూట కూడా పోట్లాడి ఎరగని మనిషి అది. దానిదేం అవిధేయత? నా తప్పు నాకు ఏడాదిగా దొరకలేదంటే సరే, ఏదో మరిచిపోయాననుకుందాం. దాని తప్పేమిటో చెప్పమను ఆ మాస్టారుని. దాని మొహం చూశాక నా భయం పోయింది. నెలాఖరుకి కట్టుబట్టలతో బయట పడతానేమో గానీ, శాపగ్రస్తురాలినని మాత్రం ఇక అనుకోను.

నువ్వు నాకు రాసిన ఉత్తరంలో మందూ మాకూ ఉన్న కాయితం చింపి దానికిచ్చేశాను. రవికలో దోపుకుని వెళ్లింది. పోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఆయనకి చెబుతారా అమ్మగారూ?" అని అడిగింది. చెబితే నా పని నాకు దక్కుతుందేమో, ఆ మాస్టారు నోరు పడిపోతుందేమో. అది నాకూ తెలుసు, దానికీ తెలుసు. "చెప్పను, పో" అన్నాను. నీకు రాశాను గనక చదివి పొయ్యిలో పెట్టు.

మంచి శుక్రవారం ఆరాధన గుడి బయట నిలబడి విని, శనివారం మొదటి బస్సుకి బయలుదేరతాను. పీరు లారీ ఉంటే అందులో పడుకునే వస్తాను, ఎవరేమనుకున్నా సరే. కనురెప్ప కింద లాగి చూసుకున్నాను. సుద్దలా ఉంది. నాకు భయంగానే ఉందే అమ్మాయ్. ఇది మొలలే అయితే బాగుండునని ఇవాళ మొదటిసారి ప్రార్థన చేశాను.

దీవెనమ్మని రమ్మన్నాను. ఆయన పంపరంది. నొప్పి ఎక్కడ, రక్తం ఎంత, బయటికి ఏది వస్తోందో, లోపలికి ఎలా నెట్టుకుంటోందో అన్నీ అడిగి తెలుసుకున్నాను. డాక్టరమ్మగారికి చెప్పి ఉంచు, ఏమడిగినా సిగ్గుపడకుండా జవాబిస్తానని. ఏడాది జబ్బు, ఎనిమిదేళ్ల జబ్బు, రెండూ నావేనని చెప్పి మందు రాయించుకుంటాను.

నీ అక్క,
ఎలీసమ్మ.